రాత్రి పదిన్నర ఫోను: ఉద్దానంలో ఒక కుటుంబానికి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ (కేస్ స్టడీ)

కిడ్నీ రోగి ఉన్న ఇంటికి ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ మొదలుపెట్టేటప్పుడు, ఎవరికి ఎంత దిగులుందో తర్వాత అడగొచ్చు. ముందు తెలియాల్సినవి మూడు. ఎవరు ఎన్నింటికి లేస్తున్నారు? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఏ వేళ ఎవరి చేతిలో ఉంటోంది? రాత్రి ఆఖరి కాల్ ఎవరిది, అందులో ఏం మాట్లాడుకుంటారు? కింద రాసిన కేసు ఈ మూడో ప్రశ్న దగ్గరే తిరిగింది.

గోప్యత కోసం వయసులు, కుటుంబ వివరాలు మార్చాం, ఊరి పేరు రాయలేదు. ఇదే తరహా ఇబ్బందితో వచ్చే ఇళ్ళ సంగతులు కొన్ని ఇందులో కలిపాం. కాబట్టి ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు.

కుటుంబం

ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. తల్లికి 34 ఏళ్ళు, ఇంటర్ చదివింది, డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళేది, అత్తగారికి డయాలసిస్ మొదలయ్యాక మానేసింది. భర్తకి 39, అబూధాబీ దగ్గర స్కఫోల్డింగ్ పని, రెండేళ్ళకోసారి సెలవు. కొడుక్కి 11, ఆరో తరగతి. అత్తగారికి 61. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం మొదటి షిఫ్టులో డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆడపడుచు పక్క ఊళ్ళోనే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పాత జీడితోట పోయింది. తర్వాత వేసిన మొక్కల కాపు అంతంత మాత్రం. ఆయన గల్ఫ్ వెళ్ళింది అందుకే.

తల్లి ఫోన్ చేసింది కొడుకు గురించి. "గుంటడు బడికెళ్ళనంతన్నాడు, ఫోనొదల్డం నేదు, మీరేటైనా సెప్పండి." తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది మామూలే. తల్లిదండ్రులు పిల్లాణ్ణి ముందు పెట్టుకునే వస్తారు. "మీ సంగతి చెప్పండి" అని మొదటి కాల్‌లోనే తిప్పితే "నాకేటి, నాను బాగానే ఉన్నాను" అని రెండోసారి చెయ్యరు. అందుకని మొదటి ఇరవై నిమిషాలూ బాబు గురించే విన్నాం. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, పదింటికి తగ్గిపోతుంది. సెలవు రోజుల్లో అసలు రాదు. రాత్రి పన్నెండు దాకా గేమ్ ఆడుతుంటాడు. నెలలో సగం రోజులు బడి లేదు. రెండుసార్లు కొట్టింది, కొట్టాక తనే ఏడ్చింది. కొట్టిన సంగతి ఆమె చెప్పగానే దేనితో కొట్టారు, ఒంటి మీద మచ్చ పడిందా, ఎన్నాళ్ళకోసారి జరుగుతోంది అని నేరుగా అడిగాం. చేత్తో, వీపు మీద, మచ్చల్లేవు. అడగడానికి మొహమాటపడితే పిల్లాడి భద్రత గురించి తెలియకుండానే కేసు ముందుకు పోతుంది.

ఫోను, గది, సిగ్నలు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చెడేది ఎక్కువగా ఇక్కడే. ఈ ఇంట్లో స్మార్ట్‌ఫోను ఒకటి, రోజుకి ఒకటిన్నర జీబీ డేటా. సాయంత్రం ఆరుకల్లా బాబు గేములకీ వీడియోలకీ అది అయిపోతుంది. ఆమె మొదట అడిగిన వేళ రాత్రి ఏడు. పెట్టుకుని ఉంటే ప్రతి సెషనూ మధ్యలో తెగిపోయేది. మంగళవారం ఉదయం పదకొండుకి మార్చాం. ఆ వేళకి డేటా ఉంటుంది, డయాలసిస్ లేదు, అత్తగారు నిద్రలో ఉంటారు.

పెంకుటిల్లు, మూడు గదులకీ తలుపుల్లేవు, కర్టెన్లే. లోపల మాట్లాడితే మంచం మీది మనిషికి అంతా వినపడుతుంది. పెరట్లో నూతిగట్టు దగ్గర సిగ్నలూ బాగుంది, ఆమె అక్కడ కూర్చోవడం ఎవరికీ కొత్తగానూ కనపడదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనమన్నాం. ఛార్జింగ్ గొడవ ఉండదు, పడిపోయి పోవు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మన మాట బయటికి వినపడదు గానీ ఆమె మాట వినపడుతుంది. అందుకే ఎవరైనా దగ్గరికి వస్తే ఆమె "గ్యాస్ బుక్ అయ్యిందాండీ" అనాలని ఒప్పందం. ఆ మాట రాగానే మన ప్రశ్నలు అవును, కాదుతో సరిపోయేవిగా మారతాయి, లేదా కాల్ ఆపి పది నిమిషాలాగి మళ్ళీ కలుపుతాం. పద్నాలుగు వారాల్లో ఆ మాట అవసరమైంది రెండే సార్లు. కానీ అదొకటుందన్న ధైర్యంతోనే ఆమె మిగతాదంతా మాట్లాడింది.

ఫోను బాబు చేతికీ పోతుంది కాబట్టి వాట్సాప్‌లో బాబు గురించి అక్షరం రాయకూడదని, వాయిస్ మెసేజ్ విన్న వెంటనే రెండు వైపులా తీసెయ్యాలని చెప్పుకున్నాం. యూఏఈలో వాట్సాప్ కాల్స్ కలవవు. అందుకే భర్త ఉన్న సెషన్లు గూగుల్ మీట్‌లో పెట్టాం. లింకు ముందురోజే పంపి, ఆయన్ని రెండు నిమిషాలు ప్రయత్నించి చూడమన్నాం. సెషన్ టైములో యాప్ దించుకోమంటే పావుగంట పోతుంది.

ప్రతి సెషన్ మొదట్లో నాలుగు సంగతులు అడిగి రాసుకుంటాం: ఇప్పుడు సరిగ్గా ఎక్కడున్నారు, ఇంట్లో ఎవరున్నారు, లైను తెగితే ఏ నంబరుకి చెయ్యాలి, అవసరమైతే పది నిమిషాల్లో రాగల పెద్దమనిషి ఎవరు. ఈ ఇంటికి ఆ మనిషి ఎదురింటి చిన్నాయన. పోలీసు, అంబులెన్సు ఏదైనా 112, వైద్యానికి 108 అని తెలిసినా ఊరు, వీధి, గుర్తు మన దగ్గర రాసి లేకపోతే విశాఖలో కూర్చున్న కౌన్సెలర్లం ఫోన్ చేసి చెప్పగలిగేది ఏమీ ఉండదు.

సమ్మతి తెలుగులో నోటిమాటగా తీసుకుని తేదీ వేసుకున్నాం. రికార్డింగు ఎవరి వైపూ వద్దు. విడిగా చెప్పింది రెండోవాళ్ళకి చెప్పం. ప్రాణం మీదికి వచ్చే మాట అయినా, పిల్లల మీద లైంగిక దాడి అయినా మాత్రం దాచం, రెండోది పోక్సో చట్టం ప్రకారం తెలియజేసి తీరాల్సిందే. బాబుకి తల్లి సమ్మతి ఒక్కటీ చాలదు. వాణ్ణీ విడిగా అడిగాం. "వొద్దనిపిస్తే కట్ చేసేవచ్చా?" అన్నాడు. చేసెయ్యొచ్చన్నాం. ఒకసారి చేశాడు కూడా.

అంచనా

రెండో సెషన్‌లో ఆమెకి పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 ప్రశ్నలు చదివి వినిపించాం. మొదటిది దిగులుని (డిప్రెషన్), రెండోది ఆందోళనని కొలిచే ప్రశ్నావళి, అంకె పెరిగేకొద్దీ బాధ ఎక్కువ. పీహెచ్‌క్యూ-9లో 27కి 16, అంటే తీవ్రతకి ఒక మెట్టు కింద. జీఏడీ-7లో 21కి 13, మధ్యస్థం. పుస్తకంలో ఉన్న వాక్యం ఉన్నట్టు చదివితే "నేదండీ" అనే వస్తుంది. "ఇదివరకు ఇష్టంగా చూసే సీరియల్ ఇప్పుడు చూడబుద్ధి అవుతోందా, వారంలో ఎన్ని రోజులు?" అంటే రోజులు లెక్కపెట్టి చెప్తారు.

చావు ఆలోచనల గురించి అడిగేది మొదటి ఫారంలో తొమ్మిదో ప్రశ్న. దానికి ఆమె జవాబు సున్నా కాదు, ఒకటి. "ఒకోపాలి పడుకుని మరి నెగకపోతే బాగున్ను అనిపిస్తాది." ఇక్కడ ఫారం పక్కన పెట్టెయ్యాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా, ఎలాగన్నది అనుకున్నారా, ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించారా, మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటి అని తిన్నగా, నింపాదిగా అడిగాం. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. ప్రయత్నమూ లేదు, పథకమూ లేదు, "గుంటడున్నాడు గదండీ" అంది. అయినా తోటకి తెచ్చిన పురుగుమందు ఆ వారమే ఆడపడుచు ఇంటి షెడ్డులోకి, తాళంలోకి వెళ్ళింది. అత్తగారి మందులు వారానికి సరిపడా మాత్రమే బయట ఉంచమన్నాం. ఆ ఆలోచన మళ్ళీ వస్తే ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది ఆమె మాటల్లోనే ఐదు లైన్లు రాయించాం. ఆఖరి లైను ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ నంబరు 14416. అది రాత్రింబవళ్ళూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. పథకం ఉన్నా, ఇంట్లో కొట్టే మనిషి పక్కనే ఉన్నా, మాట పొంతన లేకుండా ఉన్నా ఆన్‌లైన్‌లో లాక్కురాకూడదు. మనిషి ఎదురుగా కూర్చునే చోటికి పంపాలి.

16 అన్న అంకెని వెంటనే మనసుకే అంటగట్టలేదు. ఆమెకి దొరుకుతున్నట్టు నాలుగున్నర గంటలే నిద్ర ఉంటే ఎవరికైనా నీరసం, మతిమరుపు, చిరాకు అన్నీ వస్తాయి, ఆ ప్రశ్నలన్నీ ఫారంలో ఉన్నాయి. ఊళ్ళో రెండు నెలలుగా ఆమె గుండెదడకి బలం సూదులు వేయించుకుంటోంది. పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించుకోమంటే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువైతే రక్తహీనతే. థైరాయిడ్ బాగుంది. ఉద్దానం కాబట్టి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాం. అదీ బాగుంది. ఆ కాగితం చూశాకే "నాకూ వొచ్చేసిందనుకున్నాను" అని మొదటిసారి బయటపెట్టింది. ఐరన్ మాత్ర ఇచ్చారు. ఆమె వేసుకునేది తెల్లవారుజామున టీతో. టీతో కలిస్తే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, మధ్యాహ్నానికి మార్పించాం. శ్రీకాకుళంలో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుడికి చూపించుకోమని ఉత్తరం రాసిచ్చాం. ఆయన మందు మొదలుపెట్టారు. మందు గుణం కనపడ్డానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో కాస్త వికారం ఉండొచ్చని, తనంతట మానకూడదని ముందే చెప్పుకోవడం వల్ల ఐదో రోజు ఆపెయ్యకుండా ఉంది. కౌన్సెలర్లు మందు పేరు చెప్పకూడదు, మార్చమనీ చెప్పకూడదు.

క్యాలెండరు చెప్పింది

రెండు వారాల డైరీ రాయమంటే రాయరు, తీరికేదీ? రాత్రి పడుకోబోయే ముందు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టమన్నాం: లేచిన టైము, పడుకున్న టైము, బాబు బడికి వెళ్ళాడా, ఎవరితో మాట పెరిగింది. దాంతోపాటు క్లాసు టీచరుని అడిగి నాలుగు వారాల హాజరు ఫోటో తెప్పించుకున్నాం. 24 పనిదినాల్లో 13 మానేశాడు. ఆ తేదీల పక్కన డయాలసిస్ తేదీలు పెడితే, 13లో 10 సోమ, బుధ, శుక్రవారాలే.

తల్లి దీన్ని ఇంతకుముందే గమనించింది, వేరేలా అర్థం చేసుకుంది. తను అత్తగారిని తీసుకుని ఐదున్నరకి ఆటో ఎక్కేస్తుంది, అడిగేవాళ్ళుండరు కాబట్టి ఫోనుతో కూర్చుంటున్నాడని. నిజంగా బడి ఎగ్గొట్టే పిల్లాడు సాధారణంగా అమ్మ ఇంట్లో లేనప్పుడు బయట తిరుగుతాడు. వీడు వీధరుగు మీద కూర్చుని ఆటో వచ్చే వైపు చూస్తున్నాడని ఎదురింటి చిన్నాయన చెప్పాడు.

బాబుతో సెషన్ పాతిక నిమిషాలే. వీడియోలో ముఖంలోకి చూస్తూ ప్రశ్నలడిగితే ఆ వయసు పిల్లలు బిగుసుకుపోతారు. కెమెరా కాగితం మీదికి తిప్పమని, ఇల్లు గియ్యమన్నాం, ఎవరెక్కడ పడుకుంటారో గియ్యమన్నాం. మామ్మ మంచం గీసి, దాని పక్కన చాప, చాప మీద తను, చేతిలో ఫోను. "రాత్రి మామ్మకి ఊపిరి ఆడకపోతే నాను లేపాలి గదా, పడుకుంటే తెల్దు. గేమాడితే నిద్దర రాదు." మూడు నెలల కిందట ఒక రాత్రి ఆమెకి ఊపిరాడక 108లో తీసుకెళ్ళారు. అప్పుడు మెలకువగా ఉన్నది వీడొక్కడే. తర్వాత అసలు ప్రశ్న: "కరెంటు పోయి మిసనాగిపోతే మామ్మ రగతమంతా అందులో ఉండిపోద్దా?"

గేమ్ వ్యసనం అని ఆ ఫోను లాగేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఈ ప్రశ్నకి ఓదార్పు సరిపోదు, జవాబు కావాలి. డయాలసిస్ కేంద్రం నర్సుగారు ఫోనులో ఓపిగ్గా చెప్పారు: కరెంటు పోతే మిషను అలారం కొడుతుంది, రక్తం తిప్పే పంపుకి బ్యాటరీ ఉంటుంది, అదీ ఆగితే చేత్తో తిప్పే పిడి ఉంటుంది, దాంతో రక్తం తిరిగి ఒంట్లోకి పంపేస్తారు, అక్కడ జనరేటరూ ఉంది. పిడిని చూపిస్తూ ఇరవై సెకన్ల వీడియో పంపారు, మిగతా రోగులెవరూ పడకుండా. బాబు దాన్ని ఎన్నిసార్లు చూశాడో తల్లికి లెక్కలేదు.

తండ్రి వైపు

తండ్రితో విడిగా మాట్లాడ్డానికి ఒక ఆదివారం కుదిరింది. కార్మికుల క్యాంపులో ఒక్కో గదిలో ఆరుగురు, బంక్ మంచాలు. ఆయన బయట సూపర్‌మార్కెట్ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి పది నిమిషాలు ఇంట్లోవాళ్ళ తప్పులే చెప్పాడు. ఆ తర్వాత అప్పు సంగతి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఏజెంటుకి కట్టిన 1,20,000, నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకి 3,600 వడ్డీకే. ఓవర్‌టైమ్ ఆగిపోయి మూడు నెలలు. 24,000 పంపేవాడు 18,000 పంపుతున్నాడు. కారణం ఇంట్లో చెప్పలేదు. పైగా అప్ప (ఆమెకి ఆడపడుచు) ఫోన్ చేసి "అమ్మ పింఛను పదివేలు ఏటవుతంది?" అని అడుగుతోంది.

ఇవన్నీ రాత్రి పదిన్నర కాల్‌లోకి వచ్చి పడుతున్నాయి. ఆయనకి అక్కడ తొమ్మిది, తిండి అయిపోయి తీరుబడి. ఇక్కడ ఆమె ఉదయం నాలుగుంబావు నుంచి నిలబడే ఉంది. "అమ్మ మందేసుకుందా? గుంటడు సదివేడా? నీళ్ళెన్ని తాగింది? ఆ రెండువేలు దేనికి?" ముప్పావుగంట. ఆయన దృష్టిలో అది ఇంటి మీద శ్రద్ధ. ఆమెకి పరీక్ష. బాబు పక్కనే పడుకుని అంతా వింటున్నాడు. ఆమె పడుకునేసరికి పావుతక్కువ పన్నెండు.

ఓవర్‌టైమ్ సంగతి మేం ఆమెకి చెప్పలేదు. ఉమ్మడి సెషన్‌లో ఆయనే చెప్పాలి. అయితే విషయాన్ని ఎలా చెప్పాలన్నది ముందు సాధన చేయించాం. రెండు వాక్యాలు, అంతే: "ఓవర్‌టైమ్ ఆగి మూడు నెలలైంది. నీకు బెంగని చెప్పలేదు." తర్వాత వివరణలు లేకుండా ఊరుకోవాలి. మగవాళ్ళు ఇక్కడ ఆగలేరు, మూడో వాక్యంలో "నువ్వూ లెక్క సరిగ్గా చెప్పవు కదా" వచ్చేస్తుంది.

ఉమ్మడి సెషన్ గంటసేపు. ఆయన చెప్పాడు, ఆగాడు. ఆమె మాట్లాడలేదు. ఆన్‌లైన్‌లో మౌనానికీ, లైను తెగడానికీ తేడా తెలియదు. వెంటనే "హలో, వినిపిస్తోందా" అంటే ఆ క్షణం పోతుంది. అందుకని ఊరుకోవాలనిపిస్తే కెమెరా ముందు అరచెయ్యి పెట్టమని ముందే అనుకున్నాం. చెయ్యి పెట్టింది. దాదాపు నిమిషం తర్వాత, "అందుకా రోజూ లెక్కలడుగుతన్నారు. నా మీద అనుమానవనుకున్నాను."

కాల్‌ని మార్చడం

ఈ కేసులో ఒక్క పని మాత్రమే చెయ్యగలిగి ఉంటే ఇదే చేసేవాళ్ళం. రాత్రి కాల్ ఎనిమిదిన్నరకి వచ్చింది, అక్కడ ఏడు, ఆయన వంట మొదలుపెట్టక ముందు. నిడివి పావుగంట. మొదటి ఐదు నిమిషాలు బాబుతో, బడి గురించి గానీ మార్కుల గురించి గానీ ఒక్క ప్రశ్నా లేకుండా. ఆయనకి ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ రోజు సైటులో చూసిన ఒక వస్తువు ఫోటో చూపించి అదేమిటో ఊహించమనడం పనికొచ్చింది. క్లాంపు, జాకీ, క్రేను హుక్కు. తర్వాత ఐదు నిమిషాలు తన తల్లితో. నీళ్ళు, మందులు, ఎంత తిన్నావు అన్నవన్నీ ఆయన నేరుగా ఆమెనే అడుగుతాడు. భార్య జవాబుదారీ కాదు. చివరి ఐదు భార్యతో, మొదటి మాట ప్రశ్న కాకూడదన్న ఒక్క నియమంతో.

డబ్బు ఆదివారం మాత్రమే. ఆమె నోటు పుస్తకంలో పేజీ రాసి ఫోటో పంపుతుంది, పావుగంటలో అయిపోవాలి. మొదటి పేజీలోనే పింఛను గొడవకి సమాధానం ఉంది. డయాలసిస్ రోగులకిచ్చే 10,000లో ఆటోకే నెలకి 13 సార్లు, సారికి 600 చొప్పున 7,800 పోతోంది. ఆ ఫోటో ఆయనే అప్పకి పంపాడు.

బరువు పంచడం

ఆటో లెక్క చూశాక పక్క ఊరి నుంచి అదే షిఫ్టుకి వెళ్ళే మరో ఇద్దరు రోగులతో మాట్లాడుకున్నారు. ముగ్గురూ ఒకే ఆటో, మనిషికి 250. నెలకి 3,250కి దిగింది. తోడు వెళ్ళడం కూడా పంచుకోవచ్చా అని నర్సుగారిని అడిగితే ఫోన్ నంబరు, మందుల చీటీ, డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) రాసిన కార్డు తోడొచ్చినవాళ్ళ దగ్గర ఉంటే సరేనన్నారు. సోమవారం ఆమె, శుక్రవారం మరో రోగి కొడుకు, బుధవారం ఆడపడుచు.

ఆడపడుచుని అడగమని కోడలికి చెప్పకూడదు. తోబుట్టువు అడగాలి. మేం చెప్పిందీ ఇంతే: "మా అప్పవి, నాకు సాయం చెయ్యి" అని ఆయన నోటి నుంచి రావాలి. వచ్చింది. అయినా రెండో బుధవారమే "ఇంట్లో కూకుని ఫోనులో కౌన్సిలింగులు సేసుకుంటందట" అన్న మాట ఊరంతా తిరిగింది. ఆమె బెదిరి మళ్ళీ తనే వెళ్తానంది. వద్దన్నాం. మాటలు పడడం కష్టమే, కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మళ్ళీ మొదలైతే కేసు మొదటికొస్తుంది. అలా సెలవు దొరికిన బుధవారాల్లో ఏం చేస్తోందో ఎవరికీ చెప్పనక్కర్లేదని మాత్రం గట్టిగా చెప్పాం. పడుకునేది.

అత్తగారితో ఇరవై నిమిషాలు విడిగా మాట్లాడాం. ఇంటి నిండా కొబ్బరిబొండాలుండి, పొటాషియం వల్ల ఒక్కటీ తాగకూడని మనిషి. ఆవిడ బాధ తన రోగం కన్నా, తన వల్ల ఇల్లు ఇలాగైందని. ఆవిడకి ఒక పని ఇచ్చాం, నిజంగా ఆవిడే చెయ్యాల్సింది.

బడికి తిరిగి

ఆవిడ చెయ్యాల్సిన పని రెండు ఫోన్లు. ఆరున్నరకి "మిసనెక్కేను రా", పదకొండుకి "దిగిపోయేను". మొదటిది ఇంట్లో బాబుకి, రెండోది ఇంటర్వెల్లో క్లాసు టీచరు ఫోనుకి. టీచరు ముందు ఇబ్బందిపడ్డారు. ఒక్క నెల, రోజుకి అర నిమిషం అని అడిగితే ఒప్పుకున్నారు. పిల్లాడికి అభయం ఇచ్చేది మామ్మ గొంతు, మన గొంతు కాదు.

మెట్లు ఇవి. మొదటి వారం డయాలసిస్ రోజుల్లో మధ్యాహ్న భోజనం దాకా ఉండి వచ్చెయ్యొచ్చు. రెండో వారం భోజనం తర్వాత ఒక పీరియడు. మూడో వారం రోజంతా. పొద్దున్న కడుపునొప్పి వస్తే వాదించకుండా "నొప్పితోనే వెళ్ళు, ఇంటర్వెల్ దాకా చూడు" అనాలి. అబద్ధమాడుతున్నావనడం, జాలిపడి ఉంచెయ్యడం రెండూ భయాన్ని పెంచుతాయి. రాత్రి కాపలా తీసెయ్యడానికి మామ్మ మంచానికి ఒక చేతిగంట కట్టారు, తల్లి చాప బాబు చోటుకి మారింది, ఫోను తొమ్మిదికి తల్లి తలగడ కిందికి.

రెండు వారాలు బాగా సాగి మూడో వారం తిరగబడింది. బుధవారం డయాలసిస్ మధ్యలో మామ్మకి బీపీ పడిపోయి ఇంటికి రావడం రెండు గంటలు ఆలస్యమైంది, పదకొండు ఫోను రాలేదు. శుక్రవారం, సోమవారం బాబు కదల్లేదు. ఇలాంటి రోజు రావడం ఖాయం, దానికి ముందే ఏర్పాటు ఉండాలి. ఇక్కడ లేదు కాబట్టి అప్పుడు కలిపాం: ఫోను రాకపోతే పావుగంటాగి టీచరే తోడున్నవాళ్ళకి చేస్తారు, ఏ సంగతైనా ఉన్నది ఉన్నట్టు చెప్తారు. మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కించలేదు, రెండో మెట్టు దగ్గర మొదలుపెట్టాం. వారంలో కుదుటపడ్డాడు.

తల్లికి కొట్టే చెయ్యి ఆపుకోవడానికి ఒకటే చెప్పాం: అరవబోతున్నానని అనిపించగానే నూతి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని రావడం. రోజుకి పది నిమిషాలు బాబుతో, వాడు చెప్పిన ఆట, మధ్యలో సలహాల్లేకుండా. మెచ్చుకునేటప్పుడు "మంచోడివి" అనే కన్నా "మామ్మకి గ్లాసుతో కొలిచి నీళ్ళిచ్చావు" అని పని పేరు పెట్టి చెప్పమన్నాం.

శ్వాస సాధన ఆరో సెషన్ దాకా తేలేదు. నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలడం, ఐదు నిమిషాలు. మొదటి వారమే నేర్పితే "నువ్వు ఊపిరి సరిగ్గా పీల్చడం లేదు, అదే నీ జబ్బు" అన్నట్టు వినిపిస్తుంది. పని గంటలు తగ్గాక నేర్పితే ఉపయోగపడింది, గుండెదడ వచ్చినప్పుడు సూదికి పరుగెత్తడం మానింది.

పద్నాలుగో వారం

పీహెచ్‌క్యూ-9 ఏడు, జీఏడీ-7 ఆరు, తొమ్మిదో ప్రశ్నకి సున్నా. నిద్ర సగటున ఆరున్నర గంటలు. చివరి నాలుగు వారాల్లో బడి 24 రోజులకి 21. ఇందులో మందు వాటా ఎంత, ఐరన్ మాత్ర వాటా ఎంత, కాల్ మార్చడం వల్ల ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు, అన్నీ ఒకే కాలంలో జరిగాయి. కొట్టడం ఒకసారి జరిగింది, ఆమే చెప్పింది.

అప్పు అలాగే ఉంది. డ్వాక్రా సంఘంలో తక్కువ వడ్డీకి రుణం అడిగింది, ఇంకా రాలేదు. ఆడపడుచుతో మాటలు పొడిపొడిగానే ఉన్నాయి, బుధవారం మాత్రం వస్తోంది. ఆయన సెలవు ఆర్నెల్లు వెనక్కి పోయింది.

కేసు మూసెయ్యలేదు. నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి ఒక్కో కాల్. మధ్యలో డయాలసిస్ రోజుల్లో బాబు వరుసగా రెండుసార్లు బడి మానేసినా, ఆమె నిద్ర వారంపాటు ఐదు గంటల కిందికి పోయినా ఎదురుచూడకుండా ఫోన్ చెయ్యాలి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడం ఆయన ఆపమనేదాకా సాగుతుంది. అక్టోబరు, నవంబరు తుపాను హెచ్చరిక వస్తే డయాలసిస్ ఒకరోజు ముందే చెయ్యమని కేంద్రాన్ని అడగడం, పవర్‌బ్యాంకు నింపుకోవడం, నెట్ పోతే మామూలు కాల్‌కి నంబర్లు కాగితం మీద రాసి గోడకి అంటించడం బాబు పనిగా పెట్టారు. ఆ కాగితం మీద డయాలసిస్ కేంద్రం, ఆటో, చిన్నాయన, మేనత్త, టీచరు, 108, 14416 ఉన్నాయి. నాన్న నంబరు అందరికన్నా పైన రాశాడు.